పసుపు మంటని నమ్మొచ్చా? ఇంటర్ ల్యాబ్ నుంచి 1868 బందరు గ్రహణం దాకా

స్క్రీన్ మీద మీరు చూస్తున్నది స్టూడియో కాదు, బందరులో మా ఇంటి వంటగది. స్టవ్ వెలిగించాను. మంట నీలంగా ఉంది కదా? ఇప్పుడు చిటికెడు ఉప్పు తీసుకుని పైనుంచి రాలుస్తున్నాను. చూశారా, పసుపు! సాంబారు పొంగి బర్నర్ మీద పడినప్పుడు కూడా సరిగ్గా ఇదే రంగు వస్తుంది. వెనకాల "బర్నర్ పాడైపోద్దిరా" అని వినిపిస్తున్నది మా అమ్మ గొంతు. ఎడిటింగ్‌లో తీసేద్దాం అనుకున్నాను కానీ ఉంచేశాను.

ఇప్పుడు ఉప్పు లేకుండా ఇంకోటి చేస్తాను. కిటికీ దగ్గర ఆరేసిన పాత గుడ్డ ఒకటి తెచ్చి, మంటకి దూరంగా పట్టుకుని దులుపుతున్నాను. మంటలో అక్కడక్కడ పసుపు మెరుపులు వస్తున్నాయి. ఉప్పు నేను వేయలేదు, సముద్రం వేసింది. బందరులో ఇనప గేటుకి ఏటా రంగు వేయించుకునేవాళ్లకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. గాలిలోనే ఉప్పు ఉంటుంది.

ఈ రోజు టాపిక్ ఫ్లేమ్ టెస్ట్. తెలుగు అకాడమీ పుస్తకాల్లో జ్వాలా పరీక్ష అంటారు. లోహ లవణాన్ని మంటలో పెట్టి, వచ్చే రంగుని బట్టి అది ఏ లోహమో చెప్పడం. ఇంటర్ ఎంపీసీ, బైపీసీ చదివిన ప్రతి ఒక్కరూ చేసే ఉంటారు. నేనూ చేశాను, తప్పు చేశాను. ముందు ఆ కథ చెప్పేస్తాను, ఎందుకంటే మిగతా ఎపిసోడ్ మొత్తం ఆ తప్పు చుట్టూనే తిరుగుతుంది.

గుడివాడలో ఒక కాలేజీలో ఇంటర్ చదివాను. పేరు వద్దులెండి. సెకండియర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో సాల్ట్ ఎనాలిసిస్ ఉంటుంది కదా, అందులో నాకు తెల్లటి పొడి ఒకటి ఇచ్చారు. రూలు ప్రకారం ఏం చేయాలి? వాచ్ గ్లాసులో కొంచెం సాల్ట్ వేసి, గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండు చుక్కలు కలిపి పేస్ట్ చేసి, శుభ్రం చేసిన ప్లాటినం తీగతో మంటలో పెట్టాలి. ప్లాటినం తీగ ఉంది, కానీ బీరువాలో తాళం వేసి ఉంది. ఖరీదైన వస్తువు మరి. మా చేతికి ఇచ్చింది గాజు కడ్డీ. అది కూడా ఒకటే, బ్యాచ్ మొత్తానికి చేతులు మారుతూ తిరిగింది.

పెట్టాను. పసుపు, కొంచెం నారింజ కలిసిన పసుపు. పుస్తకంలో కాల్షియంకి ఇటుక ఎరుపు అని ఉంది. ఇటుక అంటే ఇలాగే ఉంటుందేమోలే అనుకున్నాను! ఒకసారి అలా అనుకున్నాక ఇక మిగతాదంతా దానికి తగ్గట్టే కనిపిస్తుంది. ఐదో గ్రూపులో బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం మూడూ ఉంటాయి. వరసగా ముందు బేరియం చూసి, అది లేదు అని తేలాకే తర్వాతదానికి వెళ్లాలి. నేను నేరుగా కాల్షియంకి చేసే అమోనియం ఆగ్జలేట్ పరీక్ష చేశాను. తెల్లటి అవక్షేపం వచ్చింది. ఇక డౌటే లేదు, కాల్షియం అని రాసేశాను.

అది బేరియం. బేరియం కూడా ఆగ్జలేట్‌తో తెల్లటి అవక్షేపం ఇస్తుంది. అందుకే దాన్ని ముందు చూడమనేది. ఎగ్జామినర్ గారు పేపర్ చూసి, "ఏవయ్యా, మంట సరిగ్గా చూశావా?" అన్నారు. చూశానండీ అన్నాను. నిజంగానే చూశాను. అది అబద్ధం కాదు.

మరి బేరియం ఇవ్వాల్సిన లేత ఆకుపచ్చ ఎటు పోయింది? ఎటూ పోలేదు, అక్కడే ఉంది. దాని మీద పసుపు కప్పేసింది. ఆ పసుపు ఎక్కడిది అంటే, గాజు కడ్డీది. మామూలు గాజు తయారయ్యేదే ఇసుక, సోడా, సున్నపురాయితో. అంటే గాజులోనే సోడియం ఉంది. బాగా వేడెక్కితే గాజే పసుపు మంట ఇస్తుంది. దానికి తోడు మా బ్యాచ్ చేతుల చెమట. నేను పరీక్షలో ఇచ్చిన సాల్ట్‌ని చూడలేదన్నమాట, కడ్డీని చూశాను. ఈ విషయం నాకు బీటెక్ అయిపోయి, ఉద్యోగంలో చేరి, ఒక రోజు వేరే ఏదో చదువుతుంటే అర్థమైంది. అప్పటికి మార్కులు ఎలాగూ వెనక్కి రావు.

సరే, రంగు అసలు ఎందుకు వస్తుందో చూద్దాం. అణువుల సంగతి పక్కన పెట్టి ఒక్క పరమాణువు గురించే ఆలోచించండి. అందులో ఎలక్ట్రాన్లు ఎక్కడ పడితే అక్కడ ఉండవు, మేడ మెట్ల మీద నిలబడ్డట్టు కొన్ని స్థాయిల్లోనే ఉంటాయి. మెట్టుకీ మెట్టుకీ మధ్యలో నిలబడటం కుదరదు. మంట వేడికి ఎలక్ట్రాన్ పై మెట్టు ఎక్కుతుంది, క్షణంలో మళ్లీ కిందికి దిగుతుంది. దిగేటప్పుడు ఆ మెట్టు ఎత్తుకి సరిపడా శక్తిని వెలుగుగా వదిలేస్తుంది. ఎత్తు తక్కువైతే ఎరుపు వైపు, ఎక్కువైతే నీలం, ఊదా వైపు. ఏ మూలకం మెట్లు దానివే, రెండు మూలకాలకి ఒకే రకం మెట్లు ఉండవు. అందుకే రంగుని బట్టి మూలకాన్ని గుర్తుపట్టొచ్చు అన్నది.

యాసిడ్ ఎందుకు కలుపుతామంటే, లోహాల క్లోరైడ్లు తేలిగ్గా ఆవిరవుతాయి, ఆవిరైతేనే మంటలో పరమాణువులు దొరుకుతాయి. మెగ్నీషియంకి రంగు ఎందుకు రాదని చాలామంది అడుగుతారు. దాని ముఖ్యమైన వెలుగు 285 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, అది అల్ట్రావయొలెట్, మన కంటికి ఆనదు. రంగు కనిపించలేదు కాబట్టి లోహమే లేదు అనుకుంటే అదో తప్పు.

సోడియం మెట్టు చాలా చిన్నది. సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, గ్యాస్ స్టవ్ మంటకి అది లెక్కలోది కాదు. దానికి తోడు ఆ వెలుగు పడేది పసుపులో, మన కన్ను బాగా పట్టుకునే రంగుల్లో. అందుకే రవ్వంత సోడియం ఉన్నా మిగతా అందరి గొంతూ నొక్కేస్తుంది. పెళ్లిలో డీజే పెట్టినప్పుడు సన్నాయి వినపడుతుందా? అలాగ.

ఆకుపచ్చ మాత్రం నమ్మొచ్చా అంటే, అదీ చూద్దాం అని చిలకలపూడి వెళ్లాను. బందరు వాళ్లకి తెలుసు, బయటివాళ్ల కోసం చెప్తున్నాను. చిలకలపూడి కవరింగ్ నగలు, రోల్డ్ గోల్డ్ అంటాం కదా, అవి తయారయ్యేది ఇక్కడే. లోపల రాగి, ఇత్తడి, పైన పల్చటి బంగారు పూత. అక్కడ పని చేసే ఒక పెద్దాయన గొలుసు లింకులు అతికిస్తుంటే పక్కన కూర్చున్నాను. టార్చ్ మంట రాగి తీగకి తగలగానే అంచున నీలం కలిసిన ఆకుపచ్చ వచ్చింది. "బాబాయ్, అది రాగి వల్లే కదా?" అన్నాను. ఆయన, "రాగీ ఉంది, వెలిగారమూ ఉంది. దేని పచ్చో నాకేం తెలుసు అబ్బాయ్, మంట ఎక్కువైందని మాత్రం తెలుసు" అని టార్చ్ తిప్పి తగ్గించేశారు.

ఆ జవాబు నాకు బాగా నచ్చింది. వెలిగారం అంటే బొరాక్స్. అతుకు సరిగ్గా పట్టడానికి వాడతారు. అందులో బోరాన్ ఉంది, బోరాన్ మంట కూడా ఆకుపచ్చే. రాగిది ఆకుపచ్చ, బోరాన్‌ది ఆకుపచ్చ, బేరియంది ఆకుపచ్చ. పైగా బొరాక్స్‌లో సోడియం కూడా ఉంది కాబట్టి పసుపు ఎలాగూ వస్తుంది. చెయ్యి తిరిగిన పనివాడు కూడా ఒట్టి రంగు చూసి ఇది ఫలానా అని ఒట్టేసి చెప్పలేదు చూడండి. ఇంటర్ పుస్తకంలో టేబుల్ చూస్తే మాత్రం ఎంత తేలికో! ఒక పక్క రంగు, ఒక పక్క లోహం, మధ్యలో గీత.

ఈ పసుపు గొడవ ల్యాబ్ మార్కులతో పోయేదైతే ఎపిసోడ్ చేసేవాణ్ని కాదు. దివిసీమలో ఇది డబ్బు సంగతి. నాగాయలంక వైపు మా మావయ్యకి రొయ్యల చెరువు ఉంది, వనామీ. ఒక పంటలో రొయ్యలు సరిగ్గా ఎదగలేదు. పెంకు మెత్తగా ఉండేది. వల వేసి తీస్తే కొన్ని తోక వంగిపోయి అలాగే బిగుసుకుపోయేవి. ఉప్పదనం కొలిచే పరికరంతో చూస్తే ఉప్పదనం బాగానే ఉంది. ఇంకేం, నీళ్లు బాగున్నట్టే అని ఒకరు, సున్నం చల్లమని ఒకరు, మేత మార్చమని ఒకరు. అన్నీ చేశారు.

ఉప్పదనం బాగుంది అంటే ఉప్పు ఉందని మాత్రమే. ఆ ఉప్పులో ఏమేం ఉన్నాయి అన్నది వేరే ప్రశ్న. సముద్రపు నీళ్లలో సోడియం లీటరుకి సుమారు 10,700 మిల్లీగ్రాములు ఉంటే, పొటాషియం సుమారు 390 ఉంటుంది. అంటే దాదాపు 28కి 1. రొయ్యకి అలవాటైన లెక్క అది. బోరు నుంచి తోడిన ఉప్పు నీళ్లలో చాలాచోట్ల పొటాషియం ఈ లెక్కకి బాగా తక్కువ ఉంటుంది. ఉప్పదనం సరిపోయినా రొయ్య నిలవదు.

మరి పొటాషియం ఉందో లేదో మంటలో చూడొచ్చు కదా? చూడొచ్చు. పొటాషియంది లేత ఊదా రంగు. అది చాలా నీరసమైన రంగు, అందులో సగం మన చూపు అంచున, 766, 770 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. సోడియం రవ్వంత ఉన్నా ఇక కనపడదు. అందుకే ల్యాబ్‌లో కోబాల్ట్ గాజు అని నీలం గాజు పలక ఇస్తారు. అది పసుపుని మింగేసి ఊదాని వదులుతుంది. చెరువు నీళ్లలో సోడియం అంతంత ఉన్నప్పుడు కంటితో చూసి తేల్చే పని కాదది.

అక్కడ పనికొచ్చేది ఫ్లేమ్ ఫోటోమీటర్. పేరు పెద్దదే కానీ లోపల జరిగేది మన ఫ్లేమ్ టెస్టే. నీటిని పలచన చేసి, సన్నటి తుంపరగా గ్యాస్ మంటలోకి చిమ్ముతారు. ముందు ఒక ఫిల్టర్ ఉంటుంది, పొటాషియం రంగుని మాత్రమే లోపలికి పంపిస్తుంది. దాని వెనక సెన్సర్ ఎంత వెలుగు వచ్చిందో కొలుస్తుంది. తెలిసిన కొలతల ద్రావణాలతో పోల్చి అంకె చెప్తారు. భూసార పరీక్షల్లో పొటాష్ ఎంత అని మీ నాన్నగారికి వచ్చే అంకె, ఆసుపత్రుల్లో రక్తంలో సోడియం పొటాషియం అంకెలు, చాలా ఏళ్లు ఈ మంట లోంచి వచ్చినవే. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఎక్కువగా ఎలక్ట్రోడ్లతో కొలుస్తున్నారు.

మావయ్య నీళ్లు ల్యాబ్‌కి పంపేసరికి ఆలస్యమైపోయింది. రిపోర్టులో పొటాషియం బాగా తక్కువ. పొటాష్ వేశాం. కొన్ని నిలబడ్డాయి కానీ ఆ పంటకి పెట్టుబడి కూడా తిరిగి రాలేదు. "ముందే ఆ మంట పరీక్షేదో చేయించాల్సిందిరా అల్లుడూ" అన్నారు. ఇంటర్‌లో చదువుకున్నవాణ్ని, నాకే తట్టలేదు, ఆయన్ని ఏమంటాను?

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌కి అసలు కారణం దగ్గరికి వస్తున్నాను. పసుపుని చూసి "ఇది సోడియమే" అనుకోవడం నా ఒక్కడి తప్పు కాదు. ప్రపంచంలో పెద్దపెద్ద శాస్త్రవేత్తలు కూడా అలాగే అనుకున్నారు. అదీ మన గుంటూరు, బందరు మీదున్న ఆకాశాన్ని చూసి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1859, 60ల్లో జర్మనీలోని హైడెల్బర్గ్‌లో రాబర్ట్ బున్సెన్, గుస్తావ్ కిర్కాఫ్ అని ఇద్దరు ఉండేవారు. మన ల్యాబ్‌లో బున్సెన్ బర్నర్ ఆ బున్సెన్ పేరు మీదుగానే. బున్సెన్ కూడా మొదట్లో మనలాగే రంగు గాజుల్లోంచి మంటని చూసి లోహాలని గుర్తుపట్టాలని చూశారు. కిర్కాఫ్ ఏమన్నారంటే, గాజులెందుకు, ఆ వెలుగుని పట్టకంలోంచి పంపించు అని. పట్టకం అంటే ప్రిజమ్. పంపితే ఏమైంది? మంట రంగు విడిపోయి సన్నటి గీతలు వచ్చాయి. ఒక్కో మూలకానికి ఒక్కో గీతల వరస. సూపర్ మార్కెట్లో వస్తువు మీద బార్‌కోడ్ ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. రెండు ఆకుపచ్చ మంటలు కంటికి ఒకలాగే ఉన్నా, వాటి బార్‌కోడ్లు వేరు. ఆ పరికరమే స్పెక్ట్రోస్కోప్. దాంతో వాళ్లు సీసియం, రుబీడియం అని రెండు కొత్త లోహాలని కనిపెట్టారు. ఆ పేర్లకి అర్థం కూడా రంగులే, ఆకాశ నీలం, ముదురు ఎరుపు.

సోడియం బార్‌కోడ్ గురించి ఒక ముక్క గుర్తుపెట్టుకోండి. 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర పక్కపక్కనే రెండు పసుపు గీతలు. సూర్యకాంతిలో నల్ల గీతలకి ఫ్రాన్‌హోఫర్ అనే ఆయన ముందే అక్షరాల పేర్లు పెట్టారు, వాటిలో ఇది డి గీత.

ఇక 1868 ఆగస్టు 18, మంగళవారం. ఆ ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ బిజాపూర్ వైపు నుంచి గుంటూరు, బందరు మీదుగా బంగాళాఖాతంలోకి దాటింది. ఐదు నిమిషాలకి పైగా పూర్తి చీకటి. మామూలుగా రెండు మూడు నిమిషాలు దొరికితేనే గొప్ప. పైగా స్పెక్ట్రోస్కోప్ అనే కొత్త పరికరం చేతికొచ్చాక ఇంత పెద్ద గ్రహణం ఇదే. గ్రహణం రోజు మన ఇళ్లలో తలుపులు వేసుకుంటే, వాళ్లు సముద్రాలు దాటి దాన్ని చూడటానికి వచ్చారు. గుంటూరుకి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ వచ్చారు. బ్రిటిష్ వాళ్ల తరఫున మేజర్ టెన్నెంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది.

మరి బందరుకి ఎవరొచ్చారు? మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్. నక్షత్రాల వెలుగుకి మనం ఈ రోజుకీ వాడే మాగ్నిట్యూడ్ లెక్క, ఐదు మెట్లంటే వంద రెట్లు అనే లెక్క, ఆయన 1856లో పెట్టిందే. ఆయన దగ్గర పని చేసిన చింతామణి రఘునాథాచారి గారు ఇదే గ్రహణం కోసం వనపర్తి వెళ్లారు. పాగ్సన్ వచ్చేనాటి బందరుని ఒకసారి ఊహించుకోండి. నాలుగేళ్ల కిందట, 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి సుమారు ముప్పై వేల మంది పోయారు. దివిసీమ వాళ్లకి 1977 ఎలాంటిదో, ఆ రోజుల బందరుకి 1864 అలాంటిది. ఆ ఊళ్లో ఆయన టెలిస్కోపులు పెట్టుకుని కూర్చున్నారు.

చంద్రుడు సూర్యుణ్ని పూర్తిగా కప్పేశాక అంచున ఎర్రటి మంటల్లాంటివి కనిపిస్తాయి. అవేంటో అప్పటికి ఎవరికీ తెలీదు. స్పెక్ట్రోస్కోప్‌లో చూస్తే మెరిసే గీతలు వచ్చాయి. మెరిసే గీతలు అంటే వేడెక్కిన వాయువు. ఎర్ర గీత, నీలం గీత హైడ్రోజన్‌వి. గుంటూరులో, ఇంకా పడమటి వైపు చూసినవాళ్లకి ఇవే. కొందరికి ఇంకో గీత కూడా కనిపించింది, పసుపులో.

పసుపు అనగానే మీరేం అంటారు? చాలామంది అదే అన్నారు, సోడియం అని. పసుపులో గీత అంటే డి గీతే, అందరికీ బాగా తెలిసిన పసుపు అదే. పాగ్సన్ మాత్రం అది సరిగ్గా డి దగ్గరే ఉందని తేల్చేయలేదు. డి దగ్గరో, దాని పక్కనో అన్నట్టు నమోదు చేశారు. ఉన్నది ఐదు నిమిషాలు, చీకట్లో, కదిలిపోతున్న సూర్యుడి అంచు మీద కన్ను పెట్టి. ఆ హడావిడిలో కూడా "ఇది అదేనా?" అన్న అనుమానాన్ని కాగితం మీద పెట్టారు చూశారా, నాకు అక్కడ ఆయన మీద గౌరవం కలిగింది. నేను ల్యాబ్‌లో ప్రశాంతంగా కూర్చుని కూడా ఆ అనుమానం పడలేదు.

ఆయన "కొత్త మూలకం" అనలేదు, అది కూడా చెప్పాలి. ఆయన నివేదిక మద్రాసులో అచ్చయింది, యూరప్ పత్రికల్లో అందరికీ చేరలేదు. గుంటూరులో జాన్సెన్ చేసిన గొప్ప పని వేరే. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండా కూడా చూడొచ్చని ఆయనకి తట్టింది. మర్నాడే చూశారు. సెప్టెంబరులో కాకినాడ నుంచి ప్యారిస్‌కి ఉత్తరం రాశారు. ఈలోపు ఇంగ్లాండులో నార్మన్ లాకియర్ అనే ఆయన, గ్రహణానికి రాకుండానే, సొంతంగా అదే పద్ధతి కనిపెట్టి అక్టోబరు 20న చూశారు. ఇద్దరి ఉత్తరాలూ ఒకే రోజు, అక్టోబరు 26న, ప్యారిస్ అకాడమీలో చదివారు. సినిమాలో చూపిస్తే నమ్మం.

లాకియర్‌కి గ్రహణం తొందర లేదు కాబట్టి తీరిగ్గా కొలిచారు. ఆ పసుపు గీత సోడియం రెండు గీతల్లో దేనితోనూ కలవలేదు. కొంచెం ఆకుపచ్చ వైపు జరిగి ఉంది. సోడియంవి డి1, డి2 కాబట్టి దీన్ని డి3 అన్నారు. ఇప్పటి కొలత ప్రకారం 587.6 నానోమీటర్లు. అంటే తేడా ఒకటిన్నర నానోమీటర్లు కూడా లేదు. భూమి మీద ఏ మంటలోనూ ఆ గీత లేదు. సూర్యుడిలో ఉంది కాబట్టి గ్రీకులో సూర్యుడి పేరు హీలియోస్ మీదుగా హీలియం అన్నారు. చివర "యం" చూశారా? సోడియం, బేరియం, కాల్షియంలో ఉన్నదే. లోహం అయి ఉంటుందనుకుని అలా పెట్టారు. అది వాయువని 1895లో విలియం రామ్‌సే యురేనియం ఖనిజం లోంచి తీసినప్పుడు తేలింది. క్రూక్స్ దాని గీతని కొలిస్తే సూర్యుడి గీతే. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మన స్టవ్ మంటలో హీలియం ఎందుకు కనపడదు అని డౌట్ రావాలి మీకు. సోడియంకి 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు చాలన్నాను కదా, హీలియం ఎలక్ట్రాన్‌ని ఆ మెట్టు ఎక్కించాలంటే 20కి పైనే కావాలి. స్టవ్ కాదు, వెల్డింగ్ మంట కూడా చాలదు. ట్యూబులో పెట్టి కరెంటు పంపించాలి, లేదంటే సూర్యుడు కావాలి.

పోటీ పరీక్షల పుస్తకాల్లో "హీలియం జాడ ఎక్కడ దొరికింది" అంటే గుంటూరు అని ఉంటుంది. తప్పనను. కానీ బందరు పేరు ఎక్కడా కనపడదు. ఈ ఊళ్లో పుట్టి, ఈ ఊరి గాలిలో ఉప్పు పీల్చి పెరిగిన నాకు పాగ్సన్ పేరు ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా తెలీదు. మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు, వాళ్లకీ తెలిసి ఉండదు.

చివరగా మీరే చేసుకునే పని ఒకటి. ముందు జాగ్రత్తలు. రంగు మంటల వీడియోల్లో మిథనాల్ పోసి చేస్తుంటారు, దాని జోలికి అస్సలు వెళ్లకండి. సీసా లోంచి మంట ఎగిరి పిల్లలు కాలిపోయిన సంఘటనలు చాలా ఉన్నాయి. శానిటైజర్ కూడా వద్దు. బేరియం లవణాలు విషం, ల్యాబ్‌లోనే ఉండనివ్వండి. మనకి కావాల్సింది ఉప్పు, పాత డీవీడీ ముక్క, అట్టపెట్టె, అంతే.

పెట్టెకి ఒక పక్క చాలా సన్నటి చీలిక పెట్టండి, తలవెంట్రుక రెండు మూడు దూరేంత. ఎదురు పక్క లోపల డీవీడీ ముక్కని ఏటవాలుగా అతికించి, పైనుంచి దాన్ని చూడటానికి చిన్న కన్నం పెట్టండి. డీవీడీ మీద గీతలు చాలా దగ్గర దగ్గరగా, 0.74 మైక్రాన్ల దూరంలో ఉంటాయి కాబట్టి అది పట్టకం పని చేస్తుంది. సూర్యుడి వైపు మాత్రం తిప్పకండి, కన్ను పోతుంది.

మొదట ఫోన్ స్క్రీన్ మీద మొత్తం పసుపు రంగు పెట్టి పెట్టెలోంచి చూడండి. పసుపు అసలు ఉండదు! ఎరుపు, ఆకుపచ్చ విడివిడిగా కనిపిస్తాయి. ఫోన్‌లో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడే, పసుపు అనేది మన కంటికి అది చెప్పే అబద్ధం. ఫోన్ కెమెరా కూడా అంతే. సోడియం పసుపు గీతని, హీలియం పసుపు గీతని ఫోటో తీస్తే రెండూ ఇంచుమించు ఒకే అంకెలు అవుతాయి. ఎన్ని మెగాపిక్సెల్స్ ఉన్నా ఉపయోగం లేదు. నేను ఒకప్పుడు ఇమేజ్ ప్రాసెసింగ్ కోడ్ రాసేవాణ్ని, ఫోటో చూసి లోహం పేరు చెప్పే యాప్ చేద్దామని నెల రోజులు కూర్చున్నాను కూడా. ఎందుకు కుదరలేదో ఈ పెట్టెలోంచి చూశాక తెలిసింది.

తర్వాత నిన్న రాత్రి వంటగదిలో లైట్లన్నీ ఆపేసి, ఇనప తీగని ఉప్పునీళ్లలో ముంచి మంటలో పట్టుకుని పెట్టెలోంచి చూశాను. చుట్టూ దాదాపు నలుపు, మధ్యలో ఒకే ఒక్క పసుపు గీత, కదలకుండా. అందులో రెండున్నాయని నాకు తెలుసు, నా డీవీడీ ముక్క వాటిని విడదీయలేకపోయింది. పాగ్సన్ ఈ ఊళ్లోనే చూసిన గీత దీనికి ఆకుపచ్చ వైపున, వెంట్రుక వాసి దూరంలో ఉండేది. కాసేపు అక్కడే చూస్తూ ఉండిపోయాను, ఈలోపు అమ్మ వచ్చి గ్యాస్ కట్టేసింది.

పెట్టె కొలతలు ఇంకాసేపట్లో స్క్రీన్ మీద పెడతాను. వచ్చే ఎపిసోడ్ పెడన నుంచి, కలంకారీ అద్దకంలో పటిక ఏం చేస్తుందో చూద్దాం. ఉంటానండీ.